థియేటర్ జాబితా, ఓటీటీ జాబితా వేరు కావు: 2025 సెప్టెంబర్ చెప్పే లెక్క

నెలాఖరు వచ్చిందంటే సినిమా పేజీల్లో రెండు జాబితాలు కనిపిస్తాయి. వచ్చే నెల థియేటర్లలోకి దిగే సినిమాలు ఒకటి, ఓటీటీలో వచ్చేవి ఇంకొకటి. చదివేవాళ్లు కూడా అలాగే విడదీసుకుని చదువుతారు. మొదటిది జేబు చూసుకుని ఎంచుకోవాల్సినది, రెండోది ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని చూసుకునేది. తెలుగు సినిమా వరకు ఈ విభజనకు ఇప్పుడు పెద్దగా అర్థం మిగల్లేదు. రెండో జాబితాలో ఉండేవి చాలావరకు మొదటి జాబితాలోని సినిమాలే, నాలుగు వారాలు ఆలస్యంగా వస్తాయంతే. రెంటినీ పక్కపక్కన పెట్టి తేదీలు లెక్కేస్తే ఏ సినిమా ఆ తేదీకే ఎందుకు వస్తోంది, ఏది వాయిదా పడేలా ఉంది, దేనికి టికెట్ కొనాలి, దేనికి ఆగొచ్చు అన్నవి చాలా మటుకు తెలిసిపోతాయి.

2025 సెప్టెంబర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ నెల 5న, శుక్రవారం, అనుష్క నటించిన ‘ఘాటి’, శివకార్తికేయన్ డబ్బింగ్ సినిమా ‘మదరాసి’, మౌళి హీరోగా ‘లిటిల్ హార్ట్స్’ వచ్చాయి. 12న తేజ సజ్జా ‘మిరాయ్’, బెల్లంకొండ సాయి శ్రీనివాస్ ‘కిష్కింధపురి’. 19న ‘బ్యూటీ’, ‘దక్ష’, విజయ్ ఆంటోని ‘భద్రకాళి’. 25న, గురువారం, పవన్ కల్యాణ్ ‘ఓజీ’. ఇది థియేటర్ జాబితా. ఓటీటీ వైపు చూస్తే 11న ప్రైమ్ వీడియోలో ‘కూలీ’, 12న నెట్‌ఫ్లిక్స్‌లో ‘సయారా’, 19న నెట్‌ఫ్లిక్స్‌లోనే ‘మహావతార్ నరసింహ’, 26న ప్రైమ్‌లో ‘ఘాటి’.

ఆఖరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ‘ఘాటి’ రెండు జాబితాల్లోనూ ఉంది. నెల మొదటి శుక్రవారం హాల్లో పడిన బొమ్మ, అదే నెల ఆఖరి శుక్రవారం ఫోన్‌లోకి వచ్చేసింది. మధ్యలో గడిచింది సరిగ్గా 21 రోజులు. క్రిష్ లాంటి పేరున్న దర్శకుడు, అనుష్క లాంటి తార, తూర్పు కనుమల నేపథ్యం ఉన్న సినిమాకే ఇంత తక్కువ ఆయుష్షు అంటే, థియేటర్ అనేది ఇప్పుడు సినిమాకు ఇల్లు కాదు, మజిలీ మాత్రమే అనుకోవాల్సి వస్తుంది.

మిగతా వాటి రోజులు లెక్కపెడితే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2025 ఆగస్టు 14న ఒకే రోజు రెండు భారీ సినిమాలు పోటీపడ్డాయి. ఒకటి రజనీకాంత్ ‘కూలీ’, రెండోది హృతిక్ రోషన్, ఎన్టీఆర్ కలిసి నటించిన ‘వార్ 2’. ‘కూలీ’ సెప్టెంబర్ 11కే ప్రైమ్‌లోకి వచ్చింది, అంటే 28 రోజులు. ‘వార్ 2’ మాత్రం అక్టోబర్ 9 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో కనపడలేదు, అంటే 56 రోజులు. ఒకే రోజు పుట్టిన రెండు సినిమాల మధ్య సరిగ్గా రెట్టింపు తేడా. ఇది యాదృచ్ఛికం కాదు. జులై 18న విడుదలైన ‘సయారా’, జులై 25న విడుదలైన ‘మహావతార్ నరసింహ’ రెండూ 56వ రోజునే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాయి.

హిందీ మార్కెట్‌లో పెద్ద మల్టీప్లెక్స్ సంస్థలు ఎనిమిది వారాల నియమం గట్టిగా పాటిస్తాయి. అంతకంటే ముందే ఓటీటీకి ఇచ్చే సినిమాకు తమ స్క్రీన్లు ఇవ్వవు. దక్షిణాది సినిమాల హిందీ వెర్షన్లకూ ఇదే షరతు. నాలుగు వారాలకే ఓటీటీకి వెళ్తున్నందున 2023లో ‘లియో’ హిందీ వెర్షన్‌కు ఆ సంస్థల హాళ్లు దొరకలేదు. 2025 జనవరి 10న వచ్చిన ‘గేమ్ ఛేంజర్’ సంగతి చూస్తే ఈ రెండు పద్ధతులూ ఒకే సినిమాలో కనిపిస్తాయి. తెలుగు వెర్షన్ ఫిబ్రవరి 7న, అంటే 28 రోజులకు, ప్రైమ్‌లో వచ్చింది. హిందీ వెర్షన్ మార్చి 7న, అంటే 56 రోజులకు, జీ5లో వచ్చింది. సినిమా ఒకటే, హీరో ఒకరే, భాషను బట్టి గడువు మారింది. పాన్ ఇండియా సినిమా అని పోస్టర్ మీద ఉన్నప్పుడు హిందీ ఓటీటీ తేదీ వేరుగా ఉంటుందని ముందే ఊహించుకోవచ్చు.

మరి తెలుగులో నాలుగు వారాలే ఎందుకు? ఇక్కడా ఎనిమిది వారాల ఆలోచన రాలేదని కాదు. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేసి మరీ కూర్చుని మాట్లాడుకున్నారు. ఖర్చులు, టికెట్ ధరలతో పాటు ఓటీటీ గడువు మీద కూడా చర్చ జరిగి, ఎనిమిది వారాలు ఆగాలన్న మాట బయటికి వచ్చింది. ఆ మాట నిలబడలేదు. నిలబడకపోవడానికి కారణం డబ్బే. సినిమా మొదలుపెట్టేటప్పుడే ఓటీటీ హక్కుల మీద వచ్చే మొత్తాన్ని బడ్జెట్‌లో వేసుకుంటారు. ఎంత తొందరగా ఇస్తే ఆ మొత్తం అంత పెరుగుతుంది. ఫైనాన్స్ వడ్డీలు పెరుగుతున్న నిర్మాతకు ఇంకో నాలుగు వారాలు ఆగమని చెప్పడం తేలికే, ఆ తేడా డబ్బు ఎవరిస్తారన్నదే ప్రశ్న. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

తేదీ మీద ఓటీటీ సంస్థల పట్టు ఎంతో ‘కుబేర’ విషయంలో బయటపడింది. 2025 జూన్ 20న రావాల్సిన సినిమాను కొంచెం వెనక్కి జరపాలనుకుంటే, అలా చేస్తే ఒప్పందంలో 10 కోట్లు తగ్గిస్తామని ఓటీటీ సంస్థ చెప్పిందని నిర్మాతల్లో ఒకరైన సునీల్ నారంగ్ బహిరంగంగానే చెప్పారు. సినిమా జూన్ 20నే వచ్చింది. జులై 18న, 28వ రోజున, ప్రైమ్‌లో పడింది. థియేటర్ విడుదల తేదీని హాలు యజమానో పంపిణీదారుడో కాదు, స్ట్రీమింగ్ క్యాలెండర్ నిర్ణయించే రోజులివి. ఆ సంస్థకు ఏ శుక్రవారం ఖాళీగా ఉందో అక్కడి నుంచి నాలుగు వారాలు వెనక్కి లెక్కేస్తే థియేటర్ తేదీ తేలుతుంది.

ప్రేక్షకుడికీ ఇది తెలియని రహస్యమేం కాదు. హాల్లో సినిమా మొదలయ్యే ముందు పొగాకు హెచ్చరిక అయిపోయాక, నిర్మాణ సంస్థల లోగోల వరసలో ‘డిజిటల్ పార్ట్‌నర్’ అని ఓటీటీ సంస్థ పేరు పడుతుంది. అది పడగానే పక్క సీట్లో ఎవరో ఒకరు ‘ఓ, ఇందులో వస్తుందా’ అనుకోవడం వినిపిస్తుంది. సినిమా ఇంకా మొదలు కాలేదు, టికెట్ డబ్బులు అప్పుడే కట్టి లోపలికి వచ్చారు, అయినా ఇంట్లో ఏ యాప్‌లో చూడొచ్చో ఆ క్షణానికే తెలిసిపోయింది. వాళ్లు బయటికి వచ్చి బాగుంది అని చెప్పినా, విన్నవాళ్లలో కొందరు ‘నెలలో వచ్చేస్తుందిగా’ అంటారు. బాగా ఆడే సినిమాకు ఇది పెద్ద దెబ్బ కాదు. బాగాలేని సినిమాకూ కాదు, దాన్ని ఎవరూ కాపాడలేరు. మధ్యస్థంగా ఉండి, మూడో వారంలో నాలుగు మంచి మాటలతో నిలదొక్కుకోగలిగే సినిమాకు మాత్రం ఇది నిజంగా అన్యాయం. ఆ మూడో వారం దానికి ఇప్పుడు దొరకడం లేదు.

ఇక తేదీలు మారడం గురించి. 2025 సెప్టెంబర్ జాబితాను ఆగస్టు మొదట్లో రాసి ఉంటే అది ఇలా ఉండేది కాదు. సెప్టెంబర్ 5కి ‘ఘాటి’తో పాటు ‘మిరాయ్’, రష్మిక ‘ది గర్ల్‌ఫ్రెండ్’ కూడా అనుకున్నారు. 25కి ‘ఓజీ’తో పాటు బాలకృష్ణ ‘అఖండ 2’ ఉండేది. ‘ఘాటి’ అయితే అంతకుముందే ఏప్రిల్ 18, జులై 11 దాటుకుని అక్కడికి చేరింది. ఆగస్టు 4 నుంచి సినీ కార్మికుల సమ్మె జరిగింది. ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు అడిగితే, చివరికి ఆగస్టు 21న దశలవారీగా 22.5 శాతానికి రాజీ కుదిరి, 22న పనులు మొదలయ్యాయి. నెల రోజుల్లో హాల్లో పడాల్సిన సినిమాలకు రెండున్నర వారాలు పోవడం చిన్న విషయం కాదు. ‘మిరాయ్’ వారం వెనక్కి, 12వ తేదీకి వెళ్లింది. ‘ది గర్ల్‌ఫ్రెండ్’ నవంబర్ 7కి వెళ్లింది. ‘అఖండ 2’ రీరికార్డింగ్, గ్రాఫిక్స్ పనులకు ఇంకా సమయం కావాలంటూ డిసెంబర్ 5కి వెళ్లి, అక్కడా ఆఖరి గంటల్లో ఆగిపోయి, చివరికి 12న వచ్చింది.

నెల జాబితా చదివేటప్పుడు ఏ తేదీ గట్టిది, ఏది వదులుగా ఉంది అని తెలుసుకోవడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందా? అమెరికా ప్రీమియర్లకు బుకింగ్స్ తెరిచారా? తెలుగు సినిమాకు అమెరికాలో ముందు రోజే ప్రీమియర్లు పడతాయి కాబట్టి అక్కడికి కాపీ ఇంకా ముందే చేరాలి. విడుదలకు పది రోజులు మాత్రమే ఉండి అక్కడ బుకింగ్స్ కదలకపోతే ఏదో తేడా ఉన్నట్టే. గ్రాఫిక్స్ ఎక్కువున్న సినిమాకు ట్రైలర్ రాకపోవడం మరో సూచన. ఇన్నిసార్లు తేదీ మారడం ప్రేక్షకుడికి చిరాకే, కానీ అసలు నష్టం ఆ తేదీని నమ్ముకుని తప్పుకున్న చిన్న సినిమాది. పెద్ద సినిమా వస్తోందని ఒక శుక్రవారం ఖాళీ చేసి వెళ్లాక, ఆ పెద్ద సినిమానే రాకపోతే ఆ వారం హాళ్లు ఊరికే ఉంటాయి. దీనికి పరిహారం అడిగే దారి ఎవరికీ లేదు.

2024 సంక్రాంతికి ఇలాంటి సర్దుబాటే ఒకటి పెద్దలు కూర్చుని చేశారు. ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’, ‘సైంధవ్’, ‘నా సామిరంగ’తో పాటు రవితేజ ‘ఈగల్’ కూడా పండగకు రావాల్సింది. అయిదింటికి హాళ్లు చాలవని ఫిల్మ్ ఛాంబర్ చొరవతో ‘ఈగల్’ ఫిబ్రవరి 9కి తప్పుకుంది. దానికి దారి ఇవ్వడానికి అదే రోజు రావాల్సిన ‘ఊరు పేరు భైరవకోన’ 16వ తేదీకి వెళ్లింది. మరోవైపు హైదరాబాద్‌లో తక్కువ హాళ్లతో మొదలైన ‘హనుమాన్’ ఆ పండగకు అందరికంటే పెద్ద విజయం సాధించింది. ఆ నాలుగు సినిమాలు థియేటర్‌కీ ఓటీటీకీ మధ్య తీసుకున్న రోజులే వాటి జాతకం చెబుతాయి: ‘సైంధవ్’ 21, ‘గుంటూరు కారం’ 28, ‘నా సామిరంగ’ 34, ‘హనుమాన్’ 65.

మళ్లీ సెప్టెంబర్‌కి వస్తే, 25వ తేదీ ఎందుకంత విలువైనదో అక్టోబర్ 2 చూస్తే అర్థమవుతుంది. ఆ ఏడాది దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి. ఆ రోజే ‘కాంతార చాప్టర్ 1’ విడుదల. 25న దిగిన సినిమాకు పోటీ లేని ఏడు రోజులు, దసరా సెలవులు, బతుకమ్మ సందడి అన్నీ కలిసివస్తాయి. ‘అఖండ 2’ తప్పుకోవడంతో ఆ వారం మొత్తం ‘ఓజీ’దే అయింది. దాని ముందు శుక్రవారం, 19న, అన్నీ చిన్న సినిమాలూ డబ్బింగులే ఉండటానికి కారణం కూడా ఇదే. వారం తిరిగేసరికి హాళ్లన్నీ ఖాళీ చేయాలని తెలిసి పెద్ద సినిమా ఏదీ అక్కడ దిగదు. చిన్న సినిమాకు వేరే చోటు ఉండదు. బాగుందన్న మాట నలుగురికి చేరేలోపు ఆరు రోజులు అయిపోతాయి. నెల జాబితాలో అన్నిటికంటే జాలి కలిగించేది ఇలాంటి శుక్రవారమే. సినిమా మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లు ముందుగా తొంగిచూడాల్సింది కూడా అక్కడే, ఎందుకంటే ఆ సినిమాలకు రెండో ఆదివారం ఉండదు.

టికెట్ ధర కూడా జాబితాలో రాయాల్సిన సమాచారమే, చాలామంది రాయరు. ‘ఓజీ’కి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బెనిఫిట్ షోకు జీఎస్టీతో కలిపి 1000 రూపాయలకు అనుమతిచ్చింది. ఆ తర్వాత అక్టోబర్ 4 దాకా సింగిల్ స్క్రీన్లలో 125, మల్టీప్లెక్సుల్లో 150 అదనం. తెలంగాణలో 24 రాత్రి ప్రీమియర్‌కు 800, పైన జీఎస్టీ. తర్వాత సింగిల్ స్క్రీన్లకు 100, మల్టీప్లెక్సులకు 150 పెంపు. ఈ పెంపు మీద హైకోర్టు దాకా వెళ్లారు. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో మామూలు గరిష్ఠ ధర 295 మీద 150 కలిస్తే 445. నలుగురున్న ఇంటికి టికెట్లకే 1780, పాప్‌కార్న్, పార్కింగ్ లెక్కలోకి రాకుండా. అదే నెలలో ‘మిరాయ్’ నిర్మాతలు పెంపు అడగకుండా మామూలు ధరలకే చూపించారు. పిల్లలతో చూడదగ్గ సాహస కథకు అది సరైన నిర్ణయం. ఇంకో మార్పు సెప్టెంబర్ 22న వచ్చింది. 100 రూపాయలు, అంతకు లోపు టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 100 దాటితే 18 శాతమే. అంటే ఊరి హాళ్లకు కొంచెం ఊరట, నగరాల మల్టీప్లెక్స్ ప్రేక్షకుడికి ఏమీ లేదు.

జాబితా ముందే చెప్పలేని సంగతి ఒకటుంది, అది ‘లిటిల్ హార్ట్స్’. సెప్టెంబర్ 5 గురించి ముందుగా రాసినవాళ్లు ‘ఘాటి’తో మొదలుపెట్టి, ‘మదరాసి’ చెప్పి, ఆఖర్న ఈ పేరు రాసి ఉంటారు. అందులో తప్పేం లేదు. సాయి మార్తాండ్ కొత్త దర్శకుడు. మౌళి యూట్యూబ్ నుంచి వచ్చిన కుర్రాడు. ఎంట్రన్స్ కోచింగ్ చుట్టూ తిరిగే ఓ చిన్న ప్రేమకథ. పైగా దాన్ని తీసింది ఈటీవీ విన్, అంటే ఓటీటీ సంస్థే. ఇంట్లో చూసే సినిమాగా లెక్కేసి పక్కన పెట్టడానికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. అయినా ఆ వారం జనం దాని దగ్గరే నవ్వుకున్నారు. శుక్రవారం తక్కువ షోలతో మొదలై, శనివారం నుంచి మల్టీప్లెక్సులు వేరే సినిమాల షోలు తీసి దీనికి ఇచ్చాయి. వసూళ్లలో ‘ఘాటి’ని చాలా దూరం వెనక్కి నెట్టింది. తనే ఓటీటీ అయిన సంస్థ తన సినిమాను మొదట థియేటర్‌కు పంపించి గెలిచిందంటే, హాలుకున్న శక్తి ఏమిటో మిగతావాళ్లు గమనించాలి. నలుగురితో కలిసి నవ్వే అవకాశం ఫోన్ ఇవ్వదు.

ఈ లెక్కల్లో ఎక్కువ నలిగేది సింగిల్ స్క్రీన్. పెద్ద సినిమా వస్తే మొదటి వారం హాలు నిండుతుంది, కానీ వసూళ్లు పంచుకునే పర్సంటేజీ పద్ధతిలో ఎగ్జిబిటర్ (హాలు నడిపేవాడు) వాటా ఎక్కువగా పెరిగేది తర్వాతి వారాల్లో. ఆ తర్వాతి వారాలకు జనం రారు. అద్దె పద్ధతిలో ఆడే సినిమాలైతే, ఆ అద్దెలో కరెంటు బిల్లు, జీతాలు వెళ్లడమే కష్టం. 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు అన్ని సినిమాలకూ పర్సంటేజీ ఇవ్వాలని, లేకుంటే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని అనడానికి వెనకున్న బాధ ఇదే. ఆ హెచ్చరిక అమలు కాలేదు, సమస్య కూడా తీరలేదు.

కాబట్టి వచ్చే నెల జాబితా చేతికి రాగానే ముందు చేయాల్సింది సినిమా పక్కన ఓటీటీ పేరు రాసుకోవడం, తర్వాత థియేటర్ తేదీకి 28 కలపడం. పెద్ద తెర, పెద్ద శబ్దం కోసం తీసినవాటికీ, జనంతో కలిసి నవ్వాల్సినవాటికీ మొదటి వారంలోనే వెళ్లడం మంచిది. ధరలు పెంచిన సినిమా అయితే పెంపు గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసి ఆ మర్నాడు వెళ్తే సగటు కుటుంబానికి బోలెడు మిగులుతుంది. సెన్సార్ ఎలాంటి సర్టిఫికెట్ ఇచ్చిందో చూడకుండా పిల్లలతో బయల్దేరితే గుమ్మం దగ్గర ఇబ్బంది. ‘ఓజీ’, ‘కిష్కింధపురి’ రెండిటికీ ‘ఎ’ సర్టిఫికెట్, అంటే పెద్దలకు మాత్రమే. పండగ సెలవుల్లో అభిమాన హీరో సినిమా కదా అని పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు ఈ ఒక్క అక్షరం ముందే తెలియాలి.

సెప్టెంబర్ జాబితాకు ఈ పద్ధతి వాడి ఉంటే అక్టోబర్ ఓటీటీ జాబితాలో పెద్ద పేర్లు ముందే రాసేసుకోవచ్చు. ‘లిటిల్ హార్ట్స్’ రెండు రోజులు ముందుగా, 26వ రోజున, అక్టోబర్ 1న ఈటీవీ విన్‌లోకి వచ్చింది. ‘మిరాయ్’ సరిగ్గా 28 రోజులకు, 10న, జియోహాట్‌స్టార్‌లో. ‘ఓజీ’ కూడా సరిగ్గా 28 రోజులకు, 23న, నెట్‌ఫ్లిక్స్‌లో. అక్టోబర్ 2 నాటి ‘కాంతార చాప్టర్ 1’ తెలుగులో 31నే ప్రైమ్‌లో పడింది, హిందీలో మాత్రం 56 రోజులు నిండాక, నవంబర్ 27న వచ్చింది.